పొగయు ప్రమాణపత్రమును

ఈ శీర్షికను జూచి హోమధూమమును గూర్చియో వంటింటి పొగను గూర్చియో వ్రాయబోవుచున్నానని పాఠకులు తలంపవలదు. ఇది నా మోటారుసైకిలు సైలెన్సరునుండి రెండు మాసములపాటు వెలువడిన నల్లపొగను గూర్చిన కథ. ఆ పొగ పోయినది. కాని పోవుచు పోవుచు నాకు కొంత బుద్ధి చెప్పి పోయినది. ఆ బుద్ధి నావంటి చదువరులకు పలువురకు పనికివచ్చునని తోచి యిది వ్రాయుచున్నాను.

నేను రాజమహేంద్రవరమున నొక యున్నత పాఠశాలలో ఉపాధ్యాయుడను. నలువది యారేండ్లవాడను. సంస్కృతము, ఆంగ్లము చదువుకొంటిని. రెండింటిలోను పిల్లలకు పాఠములు చెప్పుకొని బ్రతుకుచున్నాను. మా నాయనగారు 1996వ సంవత్సరమున కొనిన 350 సీసీ బుల్లెట్టు నాకు పిత్రార్జితముగా సంక్రమించినది. ఆయన దానిని ప్రతి యాదివారము తుడిచి, నూనె చూచి, బిడ్డవలె సాకిరి. నేనో, దానిని ఎక్కుట, దిగుట తప్ప మరియొకటి ఎరుగను. ఏదైన చెడినచో పనివాని కప్పగించి, అరుగుమీద కూర్చుండి వార్తాపత్రిక చదువుకొనుటయే నా పద్ధతి. చేతికి మసి యంటకుండుటయే పాండిత్యమునకు లక్షణమని నేను నోటితో ననలేదు గాని నడవడితో ననుచునే యుంటిని.

గత వేసవి పిదప పాఠశాల తెరచిన దినములలో బండి పొగ చిమ్మ నారంభించెను. మునుపు లీటరునకు ముప్పదియైదు కిలోమీటర్లు నడచినది ఇరువది రెండునకు దిగెను. ఉదయము చల్లగా నున్నప్పుడు ఒక్క తాపుతో మేల్కొనును; వేడెక్కిన పిమ్మట త్రోవలో ఆగెనేని ఎన్ని తాపులు తన్నినను పలుకదు. బండి వెనుక నిలిచినవానికి పెట్రోలు వాసన ముక్కుపుటముల గాల్చును. నేను పాఠశాల ద్వారము చొచ్చునప్పుడు పిల్లలు కుడిచేతితో నమస్కరించుచు ఎడమచేతితో ముక్కు మూసికొనుచుండిరి. అది క్రొత్తరకపు మర్యాద యనుకొంటిని గాని, దాని కారణమును నేనే వెంటబెట్టుకొని పోవుచుంటినని కొన్నాళ్లవరకు గ్రహింపనైతిని.

ఇంతలో కాలుష్యపరీక్ష పత్రమునకు గడువు తీరెను. పాత బండ్లకు ఆరు మాసముల కొకసారి యీ పత్రము తెచ్చుకొనవలెను గదా. మా అమ్మాయిని వెనుక కూర్చుండబెట్టుకొని, త్రోవప్రక్క పరీక్షాయంత్రము పెట్టుకొని యున్న యొక చోటికి పోతిని. అచ్చటి కుర్రవాడు బండి చప్పుడు వినియే చిరునవ్వు నవ్వి, "పైపు పెడితే ఫెయిలవుతుందండీ మాస్టారూ. పక్క బండికి పెట్టి మీ నంబరు కొట్టేస్తాను లెండి, ఇంకో వంద ఇవ్వండి" అనెను. పాఠశాలకు వేళయగుచుండెను. నేను నూరురూపాయలు ఇచ్చితిని. చక్కని యక్షరములతో నా బండి నిర్దోషియని చెప్పు పత్రము చేతికి వచ్చెను.

ఇంటికి వచ్చిన పిదప అమ్మాయి ఆ కాగితమును త్రిప్పి త్రిప్పి చూచి, "నాన్నగారూ, ఈ అంకెలు మన బండివా, పక్క బండివా?" అని యడిగెను.

"పక్క బండివేనమ్మా" అంటిని.

"అయితే పరీక్షలో పక్కపిల్ల కాగితం చూసి రాస్తే మీరెందుకు కొడతారు?"

నేను పిల్లలను కొట్టుట మాని చాల సంవత్సరములైనది. కాని యీ ప్రశ్నకు అది సమాధానము కాదు. ఆమె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. నీతిపాఠములను నేనే చెప్పియుంటిని. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మరునాడు వేరొక పరీక్షాస్థలమునకు పోయి, ఉన్నదున్నట్లు కొలువుమని యడిగితిని. సన్నని గొట్టమును సైలెన్సరులో నుంచి వారు చూపిన యంకె 7.4. అనగా వెలువడు వాయువులో నూటికి ఏడుపాళ్లకు పైగా కార్బను మోనాక్సైడు. 2000వ సంవత్సరము మార్చి 31 నాటికి ముందు తయారైన బండ్లకు నియమము ఒప్పు మితి 4.5. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హిమోగ్లోబినును ఇది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన గట్టిదనముతో పట్టుకొనును. నల్లపొగ కంటికి కనబడు నేరము. ఇది కనబడని నేరము. ముక్కు మూసికొనిన పిల్లలకు ముక్కు మూయుటవలన తప్పని దోషమును నేను ప్రతిదినము పంచిపెట్టుచుంటిని.

ఇక దానిని బాగుచేయ బూనితిని. నా మొదటి చికిత్స నిందారోపణము. ఎవరిని నిందింతునా యని వెదకి పెట్రోలును నిందించితిని. 2025 నాటికి దేశమందు నూటికి ఇరువదిపాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు వ్యాపించినది గదా, పొగకు అదియే మూలమని తేల్చితిని. తరువాత లెక్క చూచుకొనగా నా తీర్పు తలక్రిందులైనది. శుద్ధమైన పెట్రోలు ఒక పాలు పూర్తిగా కాలుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. ఇథనాలునకు తొమ్మిది పాళ్లు చాలును. రెండును ఆ విధముగా కలిసినప్పుడు సుమారు పదమూడున్నర పాళ్లు చాలును. గాలి తక్కువ కావలసిన యింధనమును పాత కొలతతోనే పోయుచున్నప్పుడు గాలి మిగులునే గాని పెట్రోలు మిగులదు. కావున ఆ మిశ్రమము పొగను తగ్గింపవలసినదే గాని పెంచవలసినది కాదు.

నా రెండవ చికిత్స అంతకంటె ఘనమైనది. కార్బొరేటరు ప్రక్కనున్న చిన్న మరను కుళాయి యనుకొని, బిగించినచో పెట్రోలు తగ్గునని నమ్మి, చివరవరకు బిగించితిని. పొగ హెచ్చెను. ఆ మర గాలికి సంబంధించినది. బిగించినకొలది గాలి తగ్గును. గాలిని శుద్ధిచేయు డబ్బావైపున నుండు మర సాధారణముగా గాలిని, ఇంజనువైపున నుండు మర ఇంధనమిశ్రమమును పాలించునని నాకు పిమ్మట తెలిసినది. తెలియకమునుపే త్రిప్పితిని.

అప్పుడు విధిలేక మా వీథిచివర నున్న మరమ్మతు దుకాణమునకు పోతిని. ఆ దుకాణదారు నా పూర్వశిష్యుడు. తొమ్మిదవ తరగతిలో ఆంగ్లవ్యాకరణము రాక, నాచేత అందరిముందు నగుబాటుపడి, ఆ యేడే బడి మానినవాడు. ఆ సంగతి అతడు మరచెనో లేదో నే నెరుగను. నేను మాత్రము ఆ దుకాణము ముందునుండి పోవునప్పుడెల్ల ఆవలివైపు చూచుచు పోవుచుంటిని. అతడు లేచి, చేతులు తుడుచుకొని, స్టూలు వేసి, "బాగుచేసి ఇచ్చేయమంటారా, చూపించమంటారా మాస్టారూ?" అని యడిగెను. ఆ ప్రశ్నను నా జీవితమున ఏ విద్యార్థికిని నేను వేసి యుండలేదు. చూపుమంటిని.

అతడు బండిని ముట్టకమున్ను ప్రశ్నలు వేసెను. పొగ నల్లనిదా, నీలమా, తెల్లనిదా? నల్లనిదైనచో పెట్రోలు హెచ్చు; నీలమైనచో ఇంజనునూనె కాలుచున్నది; చలి యుదయమున కొంతసేపు కనబడు తెలుపు వట్టి నీటియావిరి. చల్లగా నున్నప్పుడు బాగుండి వేడెక్కిన పిదప మొరాయించునా? అట్లయినచో మిశ్రమము చిక్కనిదనుటకు అది గురుతు. చల్లని యింజనునకు చిక్కనిదే కావలెను గనుక దోషము అప్పుడు గుణముగా కనబడును. ప్లగ్గును విప్పి చూపెను. దీపపు చిమ్నీలోపలివలె పొడిమసి పట్టియుండెను. తడినూనె కాదు, పొడిమసి.

నేను తర్కసంగ్రహము చదివినవాడను. దానిని రచించిన అన్నంభట్టు తెలుగువాడని చెప్పుదురు. పొగనుబట్టి నిప్పును ఊహించుట అందలి మొదటి పాఠములలోనిది. నిప్పున్నచోట నెల్ల పొగ యుండవలెనను నియమము లేదనియు, పొగ పుట్టుటకు తడికట్టెతోడి సంబంధము కావలెననియు కూడ అందులోనే కలదు. ఆర్ద్రేంధనసంయోగము అను ఆ మాటను ఎన్ని యేండ్లు వల్లించితినో! నా కండ్లయెదుట తడికట్టె మండుచున్నను ఆ మాట నాకు జ్ఞప్తికి రాలేదు. తొమ్మిదవ తరగతి తప్పినవాడు ఆ సూత్రమును తన చేతివ్రేళ్లతో చదువుచుండెను.

కార్బొరేటరు పని యెట్టిదో అతడు చెప్పినది నా మాటలలో చెప్పెదను. గాలి ఇరుకైన కంఠమునుండి పోవునప్పుడు వేగము హెచ్చును. వేగము హెచ్చినచోట ఒత్తిడి తగ్గును. డేనియల్ బెర్నూలి 1738వ సంవత్సరపు గ్రంథమున నిరూపించినది ఈ ధర్మమునే. క్రింది గిన్నెలోని పెట్రోలుపై వాతావరణపు ఒత్తిడి మామూలుగానే యుండుటచే అది సన్నని రంధ్రముగుండ పైకెగసి గాలిలో తుంపరయై కలియును. గిన్నెలో పెట్రోలు మట్టము సమముగా నుండవలెను. దానికై ఒక తేలుడుబుడ్డి గలదు, ఫ్లోటు అందురు. మట్టము పెరుగగానే అది తేలి, సూదిమొనతో దారి మూయును. మా గోదావరివారికి దీనిని వివరింప నక్కరలేదు. 1847కును 1852కును నడుమ ధవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్ట కట్టించినది నీటిమట్టమును నిలిపి కాలువల కందించుటకే కదా. మట్టము తప్పినచో పైరు ఎండుటయో మునుగుటయో సిద్ధము.

"ముందు గాలి చూడండి, తరవాత పెట్రోలు చూడండి" అనెను నా శిష్యుడు. గాలిశుద్ధి డబ్బాలోని వడపోత దుమ్ముతో అట్టకట్టి యుండెను. దానిని మార్చితిమి. పొగ కొంచెము తగ్గెను గాని పోలేదు. "ఇప్పుడు ఎక్కడ పొగ వస్తోందో చూడాలి. ఒక్కసారి ఒక్కటే మార్చాలండి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు." అన్వయవ్యతిరేకములని నేను నల్లబల్లపై వ్రాయునది ఇదియే.

యాక్సిలరేటరు పిడిపై తెల్లకాగితపు పట్టీ అంటించి, పావు, అర, ముప్పావు అని గీతలు గీచితిమి. పిడిని ఎంత త్రిప్పినప్పుడు దోషము కనబడునో దానినిబట్టి ఏ భాగము దోషియో తెలియును. నిలుకడగా నున్నప్పటినుండి పావువరకు పైలట్ జెట్టును, గాలిమరయు, జారుడుకవాటపు కోతయు పాలించును. పావునుండి ముప్పావువరకు పొడుగుపాటి నీడిలు పాలించును. ఆపైన మెయిన్ జెట్టుది రాజ్యము. ధవళేశ్వరము త్రోవలో ఒక్కొక్క గీతవద్ద కొంతదూరము నడపి, అక్కడికక్కడ ఇంజను నాపి, ప్లగ్గు విప్పి చూచితిమి. పూర్తిగా త్రిప్పినప్పుడు ప్లగ్గు బాగుగనే యున్నది. నడుమ కొంత నలుపు. నిలుకడలోను, పావులోను కాటుకవలె నలుపు. అనగా మెయిన్ జెట్టు నిరపరాధి. నేనైనచో మొట్టమొదట దానినే మార్పించి యుందును.

గాలిమరను బిగించినను వదలించినను నిలుకడలో ఇంజను చప్పుడు ఇంచుకంతయు మారలేదు. "మర మాట వినలేదంటే పెట్రోలు ఇంకో దారిన వస్తోందన్న మాట" అని కార్బొరేటరును విప్పెను. ఫ్లోటును తలక్రిందులుగా పట్టి, పెట్రోలు వచ్చు గొట్టమున నోటితో ఊదెను. గాలి పోలేదు, సూదిమొన గట్టిగానే మూయుచున్నది. పిమ్మట చోకును బయటికి తీసెను. ఈ తరహా కార్బొరేటరులో చోకు గాలిని మూయు రేకు కాదు. చల్లని యింజనునకై అదనముగా పెట్రోలు నిచ్చు వేరొక సన్నని దారి. దానిని ఇత్తడి ముళుకు ఒకటి, కొననున్న రబ్బరుతో మూసి యుంచును. ఆ రబ్బరు ఎండి, రాయివలె గట్టిపడి, నడుమ గుండ్రని గాడి పడి, అందులో నొక ఇసుకరేణువు చిక్కియుండెను. చోకు మూసినను దారి మూతపడుట లేదు. పిడి కొంచెము త్రిప్పినప్పుడు అచ్చట ఇంజను పీల్చు బలము హెచ్చుగనుక దోషము నిలుకడలో పెద్దది. పూర్తిగా త్రిప్పినప్పుడు లేనట్లే. క్రొత్త ముళుకు వెల ఒక సినిమా టిక్కెట్టునకు మించలేదు.

నిలుకడలో పొగ పోయెను. కాని నడుమ నలుపు మిగిలెను. నీడిలును తీసి చూచి అతడు, "దీనికి అయిదు గాళ్లుంటాయండి. క్లిప్పు నడిమి గాడిలో ఉండాలి. నాలుగో గాట్లోకి ఎవరు దింపారు?" అని యడిగెను. నేను తలవంచుకొంటిని. క్లిప్పు దింపినచో నీడిలు పైకి లేచి పెట్రోలు హెచ్చును. క్రిందటి యేడు ఇథనాలు సంగతి ఎక్కడనో చదివి, బండి బాగుగా నడచుచుండగనే, వేరొక పనివానిచేత పట్టుబట్టి మార్పించినవాడను నేనే. లేని రోగమునకు మందు మ్రింగించి, ఉన్న రోగమునకు పెట్రోలును తిట్టితిని. క్లిప్పు నడిమి గాడికి చేరెను.

తుదకు ఆరుబయట ఇంజనును బాగుగా వేడెక్కించి, గాలిమరను మెల్లగా చివరవరకు బిగించి, అచ్చటినుండి ఒకటిన్నర చుట్లు వదలి, అటునిటు కొలదికొలదిగా త్రిప్పుచు ఇంజను హెచ్చు వేగముతో నిలుకడగా తిరుగుచోటు పట్టి, పిమ్మట వేగపు మరతో ఆ వేగమును తగ్గించితిమి. ఈ పని అతడు నాచేతనే చేయించెను. మర ఎనిమిదవ వంతు తిరుగునప్పటికి చప్పుడు మారుట నా చెవికి తెలిసెను. ఛందస్సులో గణభంగమును పట్టుకొను చెవికి ఇదియు పట్టుబడినది. ఇన్నాళ్లు దానినెవ్వరును ఆ పనికి నియోగింపలేదు. అమ్మాయి ప్రక్కన కూర్చుండి ప్లగ్గును తుడిచి, బిస్కత్తు రంగు వచ్చినదని చూపెను. ఇంటికి వచ్చిన పిదప మా అమ్మ ఆ చేతులు చూచి, "ఆడపిల్లకి ఆ మసేమిటిరా?" అనెను. "పొగమసికంటె చేతిమసి మేలు బామ్మా, కడుక్కుంటే పోతుంది" అని మనుమరాలే బదులు చెప్పెను.

మన యాయుర్వేదములో అగ్నిమాంద్యమను మాట కలదు. అన్నము తక్కువైనందున గాక హెచ్చైనందుననే జఠరాగ్ని చల్లారుట తరచు. ఆంగ్లేయులు ఈ బండిరోగమును ధనికత యని పిలుతురు, మిశ్రమము ధనికమైనదట! ఆ ధనికత ఎట్టిది? గ్రహింపగలిగిన దానికంటె హెచ్చు మ్రింగి, కాల్చుకొనలేనిదానిని నలుపుచేసి పొరుగువారి ముక్కులోనికి విడుచుట. లోపల సిలిండరు గోడమీది నూనెను కడిగివేసి తన్ను తానే అరుగదీసికొనుట. మా విద్యయు ఇట్టిదేమో యని నాకు సందేహము కలిగినది. ముప్పదియేండ్లు చదివినది నాలో ఎంత కాలినది, ఎంత పొగయైనది? నిప్పుచేసికొనలేని శాస్త్రమును నేను పిల్లలమీదికి విడువలేదు గదా! ఆ తొమ్మిదవ తరగతి బాలుడు బడి మానినది ఏ పొగకు?

2020 ఏప్రిల్ 1వ తేది మొదలు భారత్ స్టేజి 6 నియమములు వచ్చిన పిదప, క్రొత్త బండ్లలో చాలవరకు కార్బొరేటరే లేదు. ఇంధనమును కొలిచి చిమ్ము పని విద్యుద్యంత్రము చూచుకొనుచున్నది. కావున నేను నేర్చిన చిల్లర విద్య నాతోడనే పాతబడును. పాతబడని దొకటి మాత్రము మిగిలినది. నిందించుటకు ముందు చూచుట. ఒక్కసారి ఒక్కటే మార్చుట. తన చేతివాటమునుగూడ నిందితుల పట్టికలో చేర్చుకొనుట.

మరల పరీక్షకు పోయినప్పుడు వచ్చిన యంకె 2.6. అది నా బండి యంకె. ఆ పత్రమును బండిలో నుంచితిని. మొదటి దొంగపత్రమును చింపలేదు. బల్లసొరుగులో, నేను దిద్దు పరీక్షాపత్రములపైన ఉంచితిని. ఏ పిల్లవానికైన సున్న వేయబోవునప్పుడు అది నా చేతికి తగులును.

ప్రధానోపాధ్యాయుల యనుమతితో ఒక శనివారము నా శిష్యుని బడికి పిలిచితిని. రానని చాల పెనగులాడెను. నేను, "ఆనాడు నీయెడల తప్పు చేసితిని, నాయనా" అంటిని. అతడు కొంతసేపు ఊరకుండి, "క్లాసులో ఎక్కడ నిలబడమంటారు?" అని మాత్రము అడిగెను. నా కుర్చీ చూపితిని. అతడు నా బల్లపై కార్బొరేటరును పరచి విప్పుచుండగా, బాలురు, బాలికలు చుట్టును మూగిరి. నేను వెనుక బల్లమీద కూర్చుండి వింటిని.

సోమవారము ఉదయము బండిమీద ద్వారము చొచ్చితిని. పిల్లలు నమస్కరించిరి. రెండు చేతులతోను.